మేడి, మేడ

నేను చూశానంటే చూళైలో ఎవరూ నమ్మలేదు.
సింహం చెట్టెక్కడమేమిటి వకుళా,
ఎక్కితే చిరుత ఎక్కాలి, కోతి ఎక్కాలి,
లేకపోతే ఉల్లిపాయల ధర ఎక్కాలి
అని నవ్వింది కింది వాటా శెంబగం.
నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని
మూడు వారాలు వాదించాను.

రుజువు లేదు నా దగ్గర.
ఉన్న ఒక్క ఫోటోలో ఆకులు, ఆకుల మధ్య
తోక ఒకటి, కొసన నల్లటి కుచ్చుతో,
విప్పడం మరిచిపోయిన జడకుచ్చులా.
మిగతా ఫోటోల్లో నా బొటనవేలు.

కంపాలాలో మరిది ఇంటినుంచి పది గంటలు,
ఎర్రమట్టి నాలుక మీద పేరుకునేదాకా.
జీపు నడిపే బ్యారుహంగ ఇంజను ఆపి
వేలెత్తి చూపాడు గానీ మాట్లాడలేదు.
నేను చెట్టు కింద వెతికాను.
అరవై మూడేళ్లుగా సింహాన్ని కిందే వెతకడం అలవాటు,
గుహలో, గడ్డిలో, రూపాయి బిళ్ల మీద.

తల ఎత్తితే
మేడి కొమ్మల మీద అయిదుగురు.
ఆరేసిన దుప్పట్లలా అనను,
దుప్పటికి పొట్ట ఎగిసిపడదు.
కాళ్లు అటు రెండు ఇటు రెండు జారవిడిచి
గడ్డం బెరడుకి ఆనించి
రాజ్యం, గర్జన, మర్యాద కిందే వదిలేసి
ఉత్తి ఒళ్లు మాత్రం పైకి తెచ్చుకుని.

ఒకామె దిగబోయి దిగలేకపోయింది.
ముందుకాలు చాపి, తీసుకుని,
వెనక్కి తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి,
చివరికి బెరడు గీరుకుంటూ
ధబ్బున పడింది.
లేచి, ఎవరైనా చూశారా అని చూసింది.
నేను చూశాను.
కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు సీట్లు కుట్టిన మోకాళ్లు నావి,
దిగడమంటే ఏమిటో తెలుసు.

ఎందుకెక్కుతాయి అంటే
బ్యారుహంగ భుజాలెగరేశాడు.
కింద ఈగలంటారు కొందరు,
కింద సెగ, పైన గాలి అంటారు.
వీళ్లమ్మ ఎక్కింది, వీళ్లెక్కారు, అన్నాడు.

*

నాలుగంతస్తుల మేడ మాది.
మేడికి గుడి తీసేస్తే మేడేనని
ఆ రాత్రిదాకా తోచలేదు.

కత్తిరి ఎండలు మొదలై అయిదో రోజు.
పదిన్నరకి ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది.
ఫాను ఆఖరి చుట్టు తిరిగి ఆగాక
దోమలు పేరు పెట్టి పిలవడం మొదలెట్టాయి.

ఒక్కొక్కరే మెట్లెక్కాం,
చాపలు, విసనకర్రలు, నీళ్ల సీసాలు.
రెండో అంతస్తు జైను ముసలాయన,
ప్రెస్సులో పనిచేసే కుర్రాళ్లిద్దరు,
శెంబగం, ఆవిడ కోడలు, నెలల పిల్ల.
ఆ మెట్ల మీద ఏళ్ల తరబడి
పలకరించుకోకుండా దిగినవాళ్లమే అందరం.

గాలి కొంచెం వచ్చింది, ఉప్పుగా, హార్బరు వైపునుంచి.
అంతే, ఇక ఎవరికీ ఎవరూ అడ్డం కాలేదు.
ముసలాయన చొక్కా విప్పి
పిట్టగోడ మీద వెల్లకిలా,
ఒక చెయ్యి వీధిలోకి వేలాడేసి.
కుర్రాళ్లు నీళ్ల ట్యాంకు మీద బోర్లా,
సిమెంటు చల్లదనానికి బుగ్గలానించి.
పిల్ల తల్లి పొట్ట మీద, తల్లి పొట్టతో లేస్తూ దిగుతూ.
శెంబగం మెట్ల గది కప్పెక్కింది,
ఎలా ఎక్కిందో, నిచ్చెన కూడా లేదు,
చీర కుచ్చెళ్లు అంచు దాటి వేలాడుతున్నాయి.

నేను ఏమీ అనలేదు.
ఫోను తీశాను. చీకట్లో ఏం పడుతుంది,
మళ్లీ నా బొటనవేలే.

తెల్లవారుజామున వీధి దీపం వెలిగి
మా అందరి మీదా పడింది.
కింద చెత్తబండి ఆపి
ఆ కుర్రాడు తలెత్తి చూశాడు,
నోరు తెరిచి, చాలాసేపు.

శెంబగం ఒక కాలు కిందికి చాపి,
వెనక్కి తీసుకుని,
అటు తిరిగి, ఇటు తిరిగి,
వకుళా, ఎట్లా దిగేది, అంది.